చక్కెర బిళ్ళ

ఎండలు ముదిరే రోజుల్లో మా ఆసుపత్రి గేటు ముందు ద్రాక్షపళ్ళ బండ్లు వచ్చి నిలబడతాయి. అన్నీ నల్లద్రాక్షే. పొద్దున నీళ్ళు చల్లి పెట్టిన గుత్తులు ఎండెక్కేసరికి వేడెక్కి, ముగ్గిన పళ్ళు కొన్ని చిట్లి, ఆ తీపి వాసన రోడ్డు మీది దుమ్ముతో కలిసి ముక్కుకు తగులుతుంది. వచ్చేపోయేవాళ్ళు ఆగి, ఒక పండు నోట్లో వేసుకుని, పుల్లగా ఉన్నాయని అబద్ధమాడి, బేరం చేసి సంచీలో వేయించుకుని పోతారు. నేను మాత్రం కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని లోపలికి నడుస్తాను. ఇన్నేళ్ళుగా చూస్తున్న బండతను ఒకసారి అడిగేశాడు, అందరూ వాసన చూసి కొంటారు, మీరు వాసన చూసి పారిపోతారేం మేడం అని. ఏం చెప్పమంటారు? నీ పళ్ళ వాసనకు నాకు మనిషి కాలి పుండు గుర్తొస్తుందయ్యా అని చెబితే అతని బేరం చెడదూ!

నేను కర్నూల్లో మైక్రోబయాలజీ డాక్టర్ని. ఆసుపత్రి పేరు ఇక్కడ అవసరం లేదు. వార్డుల నుంచి చీము, రక్తం, మూత్రం సీసాల్లో మా ల్యాబుకు వస్తాయి. వాటిలో ఏ బ్యాక్టీరియా ఉంది, అది ఏ మందుకు చస్తుంది అని తేల్చడం మా పని. జనం మమ్మల్ని చూడరు, మేమూ జనాన్ని చూడం. కాలి పుండ్లలో, కాలిన గాయాల్లో తరచుగా కనబడే బ్యాక్టీరియా ఒకటుంది, సూడోమోనాస్ అంటారు. గాజుపళ్ళెంలో ఆకుపచ్చగా పెరుగుతుంది. పళ్ళేలు ఉంచిన వెచ్చని పెట్టె తలుపు తెరవగానే ముగ్గిన ద్రాక్ష వాసన గుప్పుమంటుంది. ఆ వాసనను నాకు పరిచయం చేసింది కృపమ్మ మేడం. చివరికి ఆ వాసన తెచ్చిన కబురును నేను ఆమెకే మోసుకుపోవలసి వచ్చింది.

మేడం అసలు పేరు డాక్టర్ కృపావతి. నేను ఉద్యోగంలో చేరినప్పుడు మా విభాగానికి పెద్ద ఆమే. రాయచోటి పక్కన ఒక మెట్టపల్లె ఆమెది. తల్లిదండ్రులు కూలికి పోయేవాళ్ళు. ఊళ్ళో చిన్న చర్చి, ఆ చర్చి బళ్ళో అక్షరాలు, ఆ తర్వాత హాస్టళ్ళలో చదువు. పొట్టి మనిషి. ముదురు రంగు నేత చీరలు కట్టేది, తలకు నూనె పెట్టి నున్నగా దువ్వి చిన్న ముడి వేసుకునేది. కోపం వస్తే అందరికీ గొంతు పెరుగుతుంది, ఆమెకు తగ్గేది. మేడం మెల్లగా మాట్లాడుతోందంటే ల్యాబులో ఎవరికో మూడిందన్నమాట. పెద్ద పెద్ద సమావేశాల్లో ఇంగ్లీషు దంచేసి, బయటికొచ్చి, "యాడ పోయినాడప్పా ఆ డ్రైవరు?" అని కేకేసేది. నేను ఓర్వకల్లు దగ్గర వేరుశనగ రైతు కూతురిని, మా ఇంటి మాటా దాదాపు అదే. కానీ కాలేజీలో చేరిన మొదటి ఏడే నేను నా మాటను కడిగి ఆరేశాను. ఆమె ముందు నిలబడి పుస్తకంలోలా మాట్లాడితే నవ్వి, శానా దూరం నుంచి వచ్చినట్టుండావే పాపా అనేది. నన్ను ఎప్పుడూ పాపా అనే పిలిచేది. నా పేరు పద్మ అని ఆమెకు అసలు తెలుసా అని చాలాకాలం నాకు అనుమానం.

ల్యాబులో మేం చేసేది పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. జావలాంటి పదార్థాన్ని గడ్డకట్టించిన గాజుపళ్ళెం మీద, చీములో దొరికిన బ్యాక్టీరియాను పలుచగా పూస్తాం. దాని మీద మందులు తాగించిన చిన్న కాగితపు బిళ్ళలను ఎడమెడంగా పెట్టి వెచ్చని పెట్టెలో ఉంచుతాం. మర్నాటికి పళ్ళెమంతా బ్యాక్టీరియా పాచిలా అలుముకుంటుంది. ఏ బిళ్ళ చుట్టూ ఏమీ పెరగకుండా గుండ్రంగా ఖాళీ మిగిలిందో ఆ మందు పనిచేసినట్టు. బిళ్ళను ఆనుకుని పెరిగిందంటే ఆ మందు దండగ. ఖాళీని కొలిచి, ఫలానా మందు పనిచేస్తుందని రాసి, పళ్ళేన్ని ఉడికించి పారేస్తాం. ఎక్కడైనా ఇంతే. మేడం మాత్రం అనుమానమున్న పళ్ళేన్ని పారేయనిచ్చేది కాదు. పనిచేసిన మందు బిళ్ళను పట్టకారుతో తీసేసి, సరిగ్గా అదే చోట గ్లూకోజు నీళ్ళలో ముంచిన బిళ్ళ పెట్టి, పళ్ళేన్ని మళ్ళీ పెట్టెలోకి తోసేది. దాన్ని మేమంతా చక్కెర బిళ్ళ అనేవాళ్ళం. ఆఫీసుల్లో కాగితాలకు చిల్లులు పొడిచే ఇనుప పంచింగ్ మిషను ఒకటి ఆమె బల్ల మీద ఉండేది. వడపోత కాగితాన్ని దాంతో పొడిచి, రాలిన ముక్కలను ఆవిరిలో ఉడికించి, ఆరబెట్టి వాడేది.

మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. అన్నీ చచ్చిన చోట చక్కెర పెట్టడమేమిటి, పిండం పెట్టినట్టు! మర్నాడు మేడం ఆ పళ్ళేన్ని వెలుతురుకు ఎత్తి పట్టి నా మొహం ముందుకు తెచ్చింది. నిన్న అద్దంలా ఉన్న ఖాళీలో చిన్న చిన్న చుక్కలు లేచి ఉన్నాయి.

"చచ్చినాయనుకుంటివి గదా," అంది. "పండుకున్నాయంతే. మందు పాయ, తిండి వచ్చ, లేచినాయి."

ఆరోజు ఆమె చెప్పినదాన్ని నేను తర్వాత ఎన్నో పుస్తకాల్లో చదివాను గానీ, అంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదు. మందును ఎదిరించే బ్యాక్టీరియా వేరు. వాటి జన్యువులు మారిపోయి ఉంటాయి. మందును ముక్కలు చేస్తాయి, లేదంటే లోపలికి వచ్చినదాన్ని వచ్చినట్టు బయటికి తోడిపోస్తాయి. ఆ విద్య ఉన్న జన్యువును పక్కవాటికి కూడా పంచిపెడతాయి. అవి ఖాళీ మిగల్చవు గనక పళ్ళెం మీదే దొరికిపోతాయి. ఈ పడుకునేవి వేరు. మందును ఎదిరించే శక్తి వీటికేమీ లేదు. వీటి లోపల ఒక జన్యువు విషం తయారు చేస్తుంది, దాని పక్కనున్న జన్యువు ఆ విషానికి విరుగుడు తయారు చేస్తుంది. తిండి ఉన్నంతకాలం రెండూ సరికి సరి. ఆకలి గానీ వేడి గానీ మందు గానీ, ఏ కష్టం వచ్చినా విరుగుడు ముందు కరిగిపోతుంది, విషం మిగులుతుంది. ఆ విషంతో బ్యాక్టీరియా తనను తానే మత్తులో పడేసుకుంటుంది. ఇలాంటి ఏర్పాట్లు వాటి జన్యువుల్లో ఇంకా ఉన్నాయట. ఏది ఎంత పనిచేస్తుందని శాస్త్రవేత్తలు ఇప్పటికీ వాదులాడుకుంటూనే ఉన్నారు. మొత్తానికి జరిగేది మాత్రం ఒకటే. మన మందులు చాలావరకు ఎదిగేదాన్ని చంపుతాయి, ఎదగడం మానేసినదాని జోలికి పోలేవు.

నా మొహంలో ఏం కనబడిందో ఏమో, మేడం పళ్ళెం కింద పెట్టేసి, కరువు సీమలో పుట్టి నీకిది అర్థం కాకపోతే ఎట్ల అని నన్నే దబాయించింది. "మీ చేన్లో గరిక ఎండాకాలం యాడికి పోతాది పాపా? యాడికీ పోదు. ఈడనే ఉంటాది. నాలుగు చినుకులు పడనీ, చూస్తువు." గరిక తీయించడానికి మా నాయన ఎన్ని వేసవులు చేను దున్నించాడో నాకు తెలుసు. దున్నిన ప్రతిసారీ ఈసారితో పీడ పోయిందనేవాడు. అప్పటినుంచి పళ్ళెంలో ఆ చుక్కలు చూస్తే చాలు, నాకు ఒళ్ళు మండేది.

చిక్కేమిటంటే, ఈ పరీక్షను రిపోర్టులో రాయడానికి వీల్లేదు. రిపోర్టులో ఉండే మాటలు రెండే, మందు పనిచేస్తుంది, పనిచేయదు. పనిచేస్తుంది గానీ ఆపగానే మళ్ళీ లేస్తాయి అనే మాటకు అందులో గడి లేదు. అందుకని మేడం ఒక పద్ధతి పెట్టుకుంది. చక్కెర బిళ్ళ చుట్టూ చుక్కలు లేచిన ప్రతిసారీ, ఆ పళ్ళేన్ని చూసిన మనిషే వార్డుకు పోయి నోటితో చెప్పాలి. డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేస్తే సరిపోదు. డాక్టరుకూ చెప్పాలి, రోగికీ చెప్పాలి, మంచం పక్కన కూర్చున్న వాళ్ళ మనుషులకూ చెప్పాలి. ల్యాబు వాళ్ళు వార్డులోకి రావడమే అక్కడ ఒక వింత. సర్జన్లు ఆటపట్టించేవాళ్ళు, మేడం, మా కాఫీలో చక్కెర తక్కువైంది, రెండు బిళ్ళలు పంపిస్తారా అని. ఆ పరీక్ష ఏ పుస్తకంలో ఉంది చెప్పండి, అప్పుడు వింటాం అనేవాళ్ళు కొందరు. ఆమె నవ్వి ఊరుకునేది. ఊరుకునేది గానీ, మెట్లెక్కడం మానేది కాదు.

చెప్పడానికీ ఒక పద్ధతి ఉండేది. మంచి మాటైతే నిలబడే చెప్పొచ్చు. ఒకసారి బాలింత ఒకామె కుట్లు చీముపట్టి నెలరోజులుగా మంచం మీదుంటే, చక్కెర బిళ్ళ పెట్టినా పళ్ళెంలో ఏమీ లేవలేదు. మేడం వార్డు గుమ్మంలోనే నిలబడి, "ఏమ్మా, ఒక్కటీ లేవల్యా, ఇంటికి పోయి బిడ్డను చూసుకోపో," అంది. వార్డంతా నవ్వారు. చెడ్డ మాటైతే మాత్రం స్టూలు లాక్కుని కూర్చోవాలి. నిలబడి చెబితే ఈమె ఎప్పుడు పోతుందా అని నీ కాళ్ళు చూస్తారు, కూర్చుంటే నీ మొహం చూస్తారు అని మాకు చెప్పేది.

ఆ స్టూలు పద్ధతిని నేను దగ్గరుండి చూసింది మద్దిలేటి విషయంలో. బేతంచెర్లలో బండలు పాలిష్ పట్టే పని అతనిది. నాపరాయి జారి పాదం మీద పడింది. మందు వాడితే పుండు మానేది, ఆపితే మళ్ళీ చీము పట్టేది. మా దగ్గర చక్కెర బిళ్ళ చుట్టూ చుక్కలు లేచాయి. మేడం స్టూలు లాక్కుని కూర్చుంది, నేను వెనక నిలబడ్డాను. ఎముకలో పడుకున్నవి ఉన్నాయి, అవి మందుకు అందవు, పాదం తీసేస్తే ప్రాణం నిలుస్తుంది, ఉంచుకుంటే ఎప్పుడో ఒకప్పుడు రక్తంలోకి ఎక్కుతాయి అని చెప్పింది.

"కాలు ల్యాకపోతే బండ కాడ ఎట్ల నిలబడల్లమ్మా?" అన్నాడు.

"నిలబడలేవప్పా. కూచోని చేసే పని ఏదన్నా చూసుకోవల్ల. నీకు అబద్ధం చెప్పను."

అతను మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు. నాకు కోపం నషాళానికి అంటింది. నా స్వభావమే అంత. మంచి చెబుతుంటే వినని వాళ్ళను చూస్తే అప్పట్లో నేను ఆగలేకపోయేదాన్ని. ఇంత పెద్ద డాక్టరు వచ్చి కూర్చుని చెబుతుంటే వినవేమయ్యా అని గదమాయించబోయాను. మేడం వెనక్కి చూడకుండానే చెయ్యెత్తి నన్ను ఆపింది. మధ్యాహ్నం దాటేదాకా ఆ స్టూలు మీదే కూర్చుంది, మళ్ళీ ఒక్క మాట చెప్పలేదు. అతని భార్య బొరుగులు పెడితే తీసుకుని తింది. సాయంత్రానికి అతనే సరే అన్నాడు. పాదం తీశారు, బతికాడు. కొన్నాళ్ళకు ఏదో సర్టిఫికెట్ కోసం వచ్చి, వరండాలో మేడం ఎదురుపడితే, నా బతుకు చెడగొట్టినావని అందరూ వినేలా నోటికొచ్చినట్టు తిట్టాడు. సెక్యూరిటీ వాళ్ళు పట్టుకోబోతే వద్దంది. ల్యాబుకొచ్చి చేతులు కడుక్కుంటూ నాతో అంది, "తిట్టనీ పాపా. తిట్టేదానికి మనిషి ఉండాడు గదా." అంది గానీ, ఆరోజు ఆమె అన్నం క్యారియరు విప్పలేదు.

రిటైరయ్యాక మేడం తన పల్లెకు వెళ్ళిపోయింది. భర్త ఎప్పుడో పోయాడు, ఒక్కతే కూతురు సునీత కడపలో టీచరు. వెళ్ళేరోజు ఆ పంచింగ్ మిషను నా చేతిలో పెట్టి, మొద్దుబారితే సాన పట్టించుకో, కొత్తవి రేకు ముక్కలు, పనికిరావు అంది. ఆమెకు చక్కెర జబ్బు ఉంది. అరికాళ్ళకు స్పర్శ తగ్గిపోయింది. చక్కెర జబ్బు వాళ్ళు చెప్పులు లేకుండా గడప దాటకూడదని ఆమె ఎంతమందికి చెప్పి ఉంటుందో లెక్కలేదు. ఇంట్లో కూడా మెత్తని చెప్పులతోనే తిరిగేది, ఒక్క చర్చి దగ్గర తప్ప. మా వైపు గుడి అయినా చర్చి అయినా చెప్పులు బయట విడవాల్సిందే. ఊరివాళ్ళు ముచ్చటపడి చర్చి ముందు ఆవరణంతా కడప బండలు పరిపించారు, నల్లగా, నున్నగా. ఎండాకాలంలో ఒక ఆదివారం ఆరాధన ముగిసేసరికి మిట్టమధ్యాహ్నమైంది. అందరూ ఆ బండల మీద గంతులేసుకుంటూ చెప్పుల దగ్గరికి పరుగెత్తారు. మేడంకు కాలుతున్నట్టే తెలియలేదు. ఎవరో తల్లి తన బిడ్డ జ్వరం గురించి అడిగితే, ఆ బండ మీదే నింపాదిగా నిలబడి, ఏ మందు వేయాలో, సగంలో ఎందుకు ఆపకూడదో విడమరిచి చెప్పింది. ఇంటికి పోయి చూసుకుంటే మడమ కింద బొబ్బ లేచి, తోలు ఊడి వచ్చింది. తెలిసి తెలిసి ఇదేం పని మేడం అని నేను తర్వాత నిలదీస్తే, దేవుని వాకిట్లో చెప్పులేసుకోని నిలబడమంటావా అని నా మీదికే వచ్చింది.

ఆ బొబ్బ పుండైంది. దగ్గర్లోని డాక్టరు మందిస్తే మానింది, ఆపితే మళ్ళీ తిరగబెట్టింది. ఇంకో మందు, మళ్ళీ మానడం, మళ్ళీ తిరగబెట్టడం. సునీత చెబితేగానీ నాకు తెలియదు. ఫోన్ చేసి అరిచాను. వచ్చే వారం వస్తాలే పాపా అంది. ఆ వారం రావడానికి నెలలు పట్టింది. కర్నూలు చేరేసరికి పుండు మడమ ఎముకదాకా పోయింది. అలాంటి మడమలో రక్తం సరిగా ఆడదు, గాలి అందదు. అక్కడున్న బ్యాక్టీరియా ఎప్పుడూ కరువులోనే ఉంటుంది, మందు వచ్చేవేళకే సగం నిద్రలో ఉంటుంది. ఇదంతా మాకు నేర్పిన మనిషి కాలి చీమే సీసాలో నా బల్ల మీదికి వచ్చింది. టెక్నీషియన్లకు ఇవ్వకుండా నేనే పళ్ళెం మీద పూశాను.

మర్నాడు పెట్టె తలుపు తెరవగానే ద్రాక్షపళ్ళ వాసన. పళ్ళెంలో ఒకే ఒక్క మందు చుట్టూ పెద్ద ఖాళీ ఉంది. రిపోర్టు పైకి పోయింది. సర్జన్ మంచివాడు, ఒకప్పుడు మేడం దగ్గర పాఠం విన్నవాడే. కాలు నిలబెట్టుకుందాం, ఈ మందు కొన్ని వారాలు ఎక్కిద్దాం అని సంబరంగా చెప్పాడు. అతన్ని తప్పుపట్టలేను. కాగితం మీద ఉన్నది అదే. నేను మాత్రం మందు బిళ్ళ తీసేసి, ఆమె ఇచ్చిన మిషనుతో పొడిచిన చక్కెర బిళ్ళ ఆ చోట పెట్టాను. దేవుడా, ఈ ఒక్కసారికి ఏమీ లేవకుండా చూడు అని మొక్కుకున్నాను. మర్నాటికి ఆ ఖాళీ నిండా చుక్కలు.

పళ్ళేన్ని మూతపెట్టిన డబ్బాలో ఉంచుకుని మెట్లెక్కాను. మేడం కాలికి కట్టుతో మంచం మీద కూర్చుని పేపరు చదువుతోంది. సునీత పక్కన బత్తాయి ఒలుస్తోంది. నన్ను చూసి మేడం నవ్వింది. నేను మంచం కిందున్న స్టూలు లాక్కుని కూర్చున్నాను.

ఆమె నవ్వు అక్కడే ఆగిపోయింది. పేపరు మడిచి పక్కన పెట్టింది.

"కూచుంటివా?" అంది. "అయితే తెలిసిపాయలే."

నేనింకా నోరు విప్పనే లేదు. డబ్బా తెరవబోతే వద్దంది. జీవితమంతా ఊరందరి పళ్ళేలు చూసిన మనిషి తన పళ్ళేన్ని చూడనంది. చెప్పడం నా వంతు గనక చెప్పాను. మోకాలి కింద తీసేయాలి, పుండు ఇంకా అక్కడే ఉంది గనక ఇప్పుడైతే ప్రాణానికి భయం లేదు, మందు మీద వదిలేస్తే మళ్ళీ లేస్తాయి అన్నాను. సునీత చేతిలో పండు అలాగే ఉండిపోయింది. మేడం కిటికీ వైపు మొహం తిప్పుకుంది, ఆరోజు మద్దిలేటి గోడవైపు తిప్పుకున్నట్టే.

"ఆ పరీక్ష పుస్తకంలో ల్యాదు గదా పాపా," అంది.

అది ఆమెను వెక్కిరించినవాళ్ళ మాట. ఆ పరీక్ష మీది మేడం అన్నాను. నాదే, తప్పయ్యుండచ్చు, చుక్కలు లేచినోళ్ళందరూ చచ్చిపోయినారా అంది. అదీ నిజమే, అందరూ పోలేదు. కానీ నేను తగ్గలేదు. మద్దిలేటికి ఒక న్యాయం, మీకొక న్యాయమా అని గట్టిగానే అడిగాను. సునీత ఏడుస్తూ చాలక్కా అంది. అప్పుడు మేడం నా చెయ్యి పట్టుకుంది. గొంతు బాగా తగ్గిపోయింది, కానీ ఈసారి కోపంతో కాదు.

"నాకు భయంగా ఉండాది పద్మా," అంది. "మా నాయనకు కాలు తీసినారు, నా చిన్నప్పుడు. బతికినాడు. అరుగు మీద కూచోని, ఊరంతా పనికి పోయేది చూస్తా చూస్తా బతికినాడు. నేను చూసినా గదా."

నా పేరు ఆమె నోట వినడం అదే మొదలు. వాళ్ళ నాయన సంగతి వినడమూ అదే మొదలు. ఇన్నేళ్ళూ ఆ స్టూలు మీద కూర్చుని కాలు తీయించుకోమని చెప్పిన ప్రతిసారీ ఆ అరుగు ఆమె కళ్ళ ముందు ఉందన్నమాట. ఉండీ చెప్పింది. ఇంకేం వాదించను? చుక్కల సంగతి చెప్పినా సర్జన్ మందే అన్నాడు, రిపోర్టూ మందే అంది, మేడం కూడా మందే అంది. సునీత తల్లి మాట కాదనలేదు. మందు ఎక్కించారు.

పుండు మానింది. నిజంగానే మానింది, మడమ మీద కొత్త చర్మం వచ్చింది. ఇంటికి పోయాక ప్రతి ఆదివారం ఫోన్ చేసేది. చర్చికి నడిచిపోయి వచ్చినా పాపా, చెప్పులతోనే పోయినాలే, పాస్టరు ఏమీ అనలేదు అని చెప్పేది. నీ చక్కెర బిళ్ళ తప్పు చెప్పింది అని ఎగతాళి చేసేది. తప్పైతే అంతకన్నా ఏం కావాలి మేడం అనేదాన్ని. అంతగా ఓడిపోవాలని నేనెప్పుడూ కోరుకోలేదు. ఆదివారం ఫోన్ మోగడం కాస్త ఆలస్యమైతే ఫోన్ చేతిలోంచి దించేదాన్ని కాదు, మోగితే ఆ వారానికి బతికిపోయాం అనిపించేది. నమ్మడం కూడా మొదలుపెట్టాను, సిగ్గులేకుండా.

మరుసటి ఏడు దసరా సెలవుల్లో ఫోన్ చేసింది సునీత. అమ్మకు చలిజ్వరం, మాట తడబడుతోంది, అంబులెన్సులో బయల్దేరాం అంది. మడమ పైకి మూసుకునే ఉంది, లోపల మాత్రం ఉబ్బి ఎర్రబడింది. ఈసారి సీసాలో వచ్చింది చీము కాదు, రక్తం. మర్నాడు పళ్ళెం ఉంచిన పెట్టె తలుపు తెరిచాను. వాసనే చెప్పేసింది.

ఐసీయూలో స్టూళ్ళు ఉంచరు. నిలబడే ఉన్నాను. మధ్యలో ఒకసారి మేడం కళ్ళు తెరిచి నన్ను గుర్తుపట్టింది.

"లేచినాయా?"

"లేచినాయి మేడం."

కళ్ళు మూసుకుంది. పోయిందేమోనని భయపడ్డాను. మళ్ళీ తెరిచి, ఒక్కో మాటా కూడదీసుకుంటూ అంది. "నువ్వు బాగనే చెప్పినావు. నేనే భయపడితి. భయపడినోళ్ళను తిట్టొద్దు పాపా."

ఆ తర్వాత ఆమెకు తెలివి రాలేదు. వాళ్ళ ఊళ్ళో చర్చి వెనకున్న సమాధుల దొడ్లో పూడ్చారు. ఆ నల్ల బండల మీదుగానే మోసుకుపోయారు. నేను చెప్పులు విడిచి కాసేపు ఆ బండ మీద నిలబడ్డాను. మబ్బు పట్టి ఉంది, బండ చల్లగా ఉంది. కాస్త కాలితే బాగుండు అనిపించింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకు అర్థం కాలేదు, కోపం లేకుండా ఉండటం నాకు చేతకాదు. ఆ బ్యాక్టీరియానే తిట్టుకుందామంటే అది మాత్రం చేసిందేముంది? కష్టం వచ్చింది, ఆగింది. తిండి దొరికింది, లేచింది. ఆమె పుట్టిన ఊళ్ళో మనుషులు ఇన్ని కరువులు దాటి వచ్చింది కూడా అలాగే కదా.

పంచింగ్ మిషను ఇప్పుడు నా బల్ల మీద ఉంది. మొద్దుబారితే సాన పట్టించాను, కొత్తది కొనలేదు. కుర్ర సర్జన్లు కొందరు చక్కెర బిళ్ళ సంగతి వాళ్ళంతట వాళ్ళే అడుగుతున్నారు, కొందరు ఇంకా కాఫీ ముచ్చటే చెబుతున్నారు. నా స్వభావం ఏమీ మారలేదు. చీటీ లేకుండా మందులు చేతిలో పోసే షాపుల వాళ్ళ మీద, సీసా మీద పేరు రాయని నర్సుల మీద అరుస్తూనే ఉన్నాను. కానీ కాలు తీయించుకోను అన్న మనిషి మీద మాత్రం నా గొంతు లేవదు. ఆ మనిషికి ఏ అరుగు కనబడుతోందో నాకేం తెలుసు?

ఈరోజు పొద్దున గేటు దగ్గర బండ్లు దాటి లోపలికొచ్చి పెట్టె తలుపు తెరిస్తే మళ్ళీ అదే వాసన. ఆడవాళ్ళ వార్డులో డోన్ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ పళ్ళెం అది. చక్కెర జబ్బు, పాదం మీద మానని పుండు. నిన్న పెట్టిన చక్కెర బిళ్ళ చుట్టూ చుక్కలు లేచాయి. డబ్బా పట్టుకుని మెట్లెక్కాను. ఎవరో పెద్ద డాక్టరమ్మ తనకోసమే వచ్చిందని ఆమె ముఖం వెలిగిపోయింది. దుప్పటి సర్దుకుంది, కట్టున్న కాలు పక్కకు జరుపుకుంది, మంచం కింద చెయ్యి పెట్టి స్టూలును తనే నా వైపు తోసింది.

"ఎంతసేపని నిలబడుకుంటావు తల్లీ," అంది. "కూచో."

కూర్చున్నాను.